స్ట్రెంత్ చూసి బడికి మార్కులు వేయకండి

జూన్‌లో బడులు తెరిచే రోజుల్లో హైదరాబాద్ బస్తీల్లో బడిబాట నడుస్తుంది. సర్కారు బడి టీచర్లు కరపత్రాలు పట్టుకుని బోరబండ, అడ్డగుట్ట, రసూల్‌పుర గల్లీల్లో ఇల్లిల్లూ తిరుగుతారు. ఉచిత పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం, ఇంగ్లీషు మీడియం అని వివరిస్తారు. జులై నాటికి లెక్క తేలుతుంది. ఫలానా బడిలో ఒకటో తరగతికి నలుగురే వచ్చారు, ఇంకో బడిలో మొత్తం స్ట్రెంతే, అంటే చేరిన పిల్లల సంఖ్యే, ఇరవై రెండు. ఆ అంకె పేపర్లో పడగానే అందరూ ఒకే తీర్పు చెప్పేస్తారు: అక్కడ చదువు చెప్పరు, అందుకే పిల్లలు రావడం లేదు.

కేంద్ర విద్యాశాఖ ఏటా బడుల నుంచి సేకరించే యూడైస్ లెక్కల ప్రకారం 2024–25లో దేశంలో ఒక్క పిల్లవాడూ చేరని బడులు 7,993. వాటిలో 3,812 పశ్చిమ బెంగాల్‌వి, 2,245 మన తెలంగాణవి. ఈ అంకెలు నిజమే. వాటి నుంచి లాగే తీర్పుతోనే నాకు పేచీ. స్ట్రెంత్‌ను బట్టి ఒక బడి ఎలా పనిచేస్తోందో తెలియదు. కానీ టీచర్ పోస్టులు, గ్రాంటు, చివరికి బడి ఉంటుందా ఊడుతుందా అన్నదీ ఆ స్ట్రెంత్‌కే ముడిపెట్టేశాం. దాంతో పనితీరును చూపించలేని అంకె ఒకటి పనితీరును నిర్ణయించే స్థాయికి వచ్చి కూర్చుంది.

ముందు ఆ అంకెలో ఏమేం కలిసిపోయాయో విడదీద్దాం.

లెక్కపెట్టే పద్ధతే మారింది. ఇదివరకు యూడైస్‌లో తరగతివారీగా బాలురు ఇంతమంది, బాలికలు ఇంతమంది అని మొత్తం సంఖ్య రాస్తే సరిపోయేది. 2022–23 నుంచి ఒక్కొక్క పిల్లవాడినీ పేరుతో సహా విడిగా ఎక్కించాలి, ప్రతి ఒక్కరికీ పెన్ అనే శాశ్వత నంబరు ఉంటుంది. పొద్దున ప్రైవేటు స్కూలుకు వెళ్తూ సర్కారు బడి రిజిస్టర్లో కూడా పేరున్న పిల్లలు అప్పటి వరకు రెండుసార్లు లెక్కకు వచ్చేవారు. పేరుపేరునా ఎక్కించడం మొదలయ్యాక అలాంటివి రాలిపోయాయి. అంతకుముందు దేశంలో 26 కోట్లకు పైగా ఉన్న బడిపిల్లల సంఖ్య 2022–23లో 25.17 కోట్లకు, 2023–24లో 24.80 కోట్లకు దిగింది. కోటి మందికి పైగా పిల్లలు ఒక్క పెట్టున చదువు మానేశారని ఎవరూ అనలేదు. దొంగ పేర్లు కొన్ని పోయాయి, అంతే. ఒక బడి స్ట్రెంత్ 70 నుంచి 52కి పడిపోయిందని గగ్గోలు పెట్టేముందు ఆ 70లో నిజం ఎంతో అడగాలి.

పుట్టే పిల్లలే తగ్గారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఒక స్త్రీకి సగటున పిల్లలు 1.8. తరం నిలబడాలంటే కావాల్సిన 2.1 కన్నా ఇది తక్కువ. ఎంత గొప్ప బడైనా పుట్టని పిల్లలను చేర్చుకోలేదు.

మరికొందరిని ప్రభుత్వమే ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేస్తోంది. గురుకులాల్లో ప్రవేశం ఐదో తరగతిలో మొదలవుతుంది. నాలుగో తరగతిలో కాస్త చురుగ్గా ఉన్న పిల్లలంతా ప్రవేశ పరీక్ష రాస్తారు. సీటు వస్తే వెళ్లిపోతారు, వెళ్లడమే మంచిది కూడా. కానీ ప్రాథమిక బడి లెక్కలో అది ఐదో తరగతిలో తరుగుగా పడుతుంది. ఆ పిల్లలను అంతవరకు తెచ్చిన టీచర్‌కు దక్కే ఫలితం ఒక పోస్టు పోయే ప్రమాదం. ఇక బెస్ట్ అవైలబుల్ స్కూల్ పథకం కింద ఎస్సీ పిల్లలను లాటరీ తీసి, ప్రభుత్వ ఖర్చుతోనే ఒకటో తరగతిలో ప్రైవేటు బడికి పంపుతారు. కలెక్టరేట్‌లో లాటరీ తీసే ప్రభుత్వానిదే, బస్తీలో కరపత్రం పంచే పని కూడా.

వీటన్నిటికన్నా పెద్దది ఇంటి ఆదాయం. దీనికి కొవిడ్ ఏళ్లను మించిన సాక్ష్యం లేదు. అసర్ అనేది పిల్లల చదువు మీద జరిగే గ్రామీణ సర్వే. హైదరాబాద్ జిల్లా మొత్తం పట్టణమే కాబట్టి అందులో ఉండదు. అయినా దేశం అంకెలు చూడండి. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో సర్కారు బడికి వెళ్లేవారు 2018లో 65.6 శాతం. 2022లో అది 72.9కి ఎగబాకింది. 2024కల్లా 66.8కి, అంటే దాదాపు మొదటి చోటికే వచ్చింది. అదే సర్కారు బడుల్లో మూడో తరగతి పిల్లలు రెండో తరగతి పాఠం చదవగలిగింది 2018లో 20.9 శాతం, 2022లో 16.3, 2024లో 23.4. రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, చేరిక అన్నిటికన్నా ఎక్కువున్న ఏడాదే చదువు అన్నిటికన్నా తక్కువుంది. చదువు కోలుకున్న ఏడాది పిల్లలు వెళ్లిపోయారు. 2021లో పనులు పోయాక ఫీజు కట్టలేక పిల్లలను సర్కారు బడిలో వేశారు, పనులు దొరికాక మళ్లీ తీసేశారు. పాఠం ఎలా చెబుతున్నారన్నది ఆ రాకలోనూ లేదు, ఆ పోకలోనూ లేదు.

అయితే తల్లిదండ్రులు వెర్రివాళ్లని నేను అనను. ప్రైవేటు మోజు అని వాళ్లను తిట్టే ఉపన్యాసాలంటే నాకు చిరాకు. బస్తీలో ఒక మామూలు ఇంట్లో నడిచే ప్రైవేటు బడిలో వాళ్లకు కళ్లెదురుగా కనిపించేవి రెండు: తరగతికో టీచర్, తరగతికో గది. ఆ టీచర్ ఇంటర్ చదివిందా, డీఎడ్ చేసిందా అన్నది వాళ్లకు తర్వాతి సంగతి. నా బిడ్డ రోజంతా ఎవరో ఒకరి కళ్ల ముందు ఉంటుంది అన్నదే మొదటి లెక్క. సర్కారు బడిలో డీఎస్సీ రాసి నెగ్గిన టీచర్లు ఇద్దరుంటారు, తరగతులు ఐదుంటాయి. కిటికీలోంచి చూసినా తెలిసిపోయే తేడా ఇది.

ప్రైవేటులో చదువు నిజంగా ఎక్కువా అంటే, దానికి మన నేల మీదే జవాబు దొరికింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 గ్రామాల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ 2008 నుంచి నాలుగేళ్లు ఒక ప్రయోగం చేశారు. సర్కారు బడి పిల్లల్లో కొందరికి లాటరీ తీసి, ఫీజు కట్టి ప్రైవేటు బడిలో వేశారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, గణితంలో రెండు గుంపులకూ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటుకు వెళ్లినవారు ముందున్నారు. దీన్ని పట్టుకుని సర్కారు బడే గెలిచిందని చంకలు గుద్దుకోనక్కర్లేదు. ప్రైవేటు బడి ఒక పిల్లవాడి మీద పెట్టిన ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. తెలుగుకు, గణితానికి అది ఇచ్చిన సమయమూ తక్కువే. తక్కువ డబ్బుతో, తక్కువ గంటలతో అంతే ఫలితం తెచ్చిందన్నమాట. సర్కారు వైపు ఎక్కడో ఏదో కారిపోతోంది. ఎక్కడ కారుతోందో నిమిషాల్లో లెక్కేసి చూపించవచ్చు.

విద్యా హక్కు చట్టం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. అంటే రోజుకు 4 గంటలు, 240 నిమిషాలు. ఇద్దరు టీచర్లుంటే 480 నిమిషాలు. దాన్ని ఐదు తరగతులకు పంచితే ఒక్కో తరగతికి దక్కేది 96 నిమిషాలు. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, గణితం మూడే కాబట్టి సబ్జెక్టుకు 32 నిమిషాలు. మూడు నుంచి ఐదు వరకు పరిసరాల విజ్ఞానం కూడా కలుస్తుంది, సబ్జెక్టుకు 24 నిమిషాలు. మిగతా 144 నిమిషాలు ఆ తరగతి పక్క తరగతి పాఠం వింటూనో, పలక మీద ఎక్కాలు రాస్తూనో కూర్చుంటుంది.

ఇది ఇద్దరూ బడిలో ఉన్న రోజు లెక్క. ఆ ఇద్దరిలో ఒకరు ఇన్‌ఛార్జి హెచ్‌ఎం. చైల్డ్ ఇన్ఫో, యూడైస్, భోజనం లెక్క, ఆన్‌లైన్ హాజరు, బిల్లులు, కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల గుంపు) మీటింగు అన్నీ ఆయన నెత్తి మీదే. రోజుకు ఒక గంట అటు పోతే తరగతికి మిగిలేది 84 నిమిషాలు. ఒకరు సెలవు పెట్టిన రోజు 48. అదే తరగతికో టీచర్ ఉన్నచోట ఒకరు సెలవు పెట్టినా మిగిలిన నలుగురితో 192 నిమిషాలు నిలబడతాయి. టీచర్ మంచివాడా చెడ్డవాడా అన్న మాట ఈ లెక్కలో ఎక్కడా రాలేదు, గమనించండి. ఎంత మంచి టీచరైనా 24 నిమిషాల్లో ఇరవైమందికి తీసివేత నేర్పి, ఒక్కొక్కరి పలకా చూసి, తప్పు దిద్దలేరు.

ఇద్దరే ఎందుకంటారా? చట్టం షెడ్యూలులో 60 మంది వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు, 121 నుంచి 200 వరకు ఐదుగురు అని ఉంది. 150 దాటితే హెచ్‌ఎం అదనం. ఇంతకన్నా తగ్గకూడదు అని చట్టం రాసింది. ఇంతకన్నా ఎక్కువ ఇవ్వకూడదని ఎక్కడా రాయలేదు. కానీ రేషనలైజేషన్, అంటే స్ట్రెంత్‌ను బట్టి పోస్టులను బడుల మధ్య తిరిగి పంచడం, వచ్చినప్పుడు నేల గీతను కప్పుగా చదవడం మామూలైపోయింది. 62 మంది ఉన్న బడిలో నలుగురు గురుకులానికి వెళితే స్ట్రెంత్ 58. షెడ్యూలు లెక్కన మూడో పోస్టు మిగులు కింద తేలుతుంది. తరగతికి దక్కే సమయం 144 నిమిషాల నుంచి 96కి పడుతుంది. మరుసటి జూన్‌కు దాన్ని కిటికీలోంచి చూసిన తల్లి తన బిడ్డను తీసేస్తుంది. రెండేళ్లలో 40, ఆ తర్వాత 22. అప్పుడు పేపరువాళ్లు ఫొటో తీసుకోవడానికి వస్తారు.

నియామకాలదీ ఇదే తీరు. 2017 తర్వాత మళ్లీ టీచర్ పోస్టుల నోటిఫికేషన్ నెగ్గుకొచ్చి భర్తీ అయింది 2024లో: 11,062 పోస్టులు, అందులో ఎస్‌జీటీలు, అంటే ప్రాథమిక తరగతుల టీచర్లు, 6,508. మధ్యలో రిటైరైనవారి చోట్లను డిప్యుటేషన్లతో, సర్దుబాట్లతో నెట్టుకొచ్చారు. సర్దుబాటు అంటే ఒక బడి చిరుగును ఇంకో బడి గుడ్డ చింపి కుట్టడం. కాగితం మీద ఇద్దరున్న బడిలో ఏడాది సగం ఒకరే ఉండటానికి మొదటి కారణం ఇదే. తనిఖీకి వెళ్లినవాళ్లు పోస్టులు ఎన్ని అని అడుగుతారు. గత నెలలో ఇద్దరూ కలిసి బడిలో ఉన్న రోజులెన్ని అని అడిగితే అసలు బొమ్మ కనిపిస్తుంది.

2024 నవంబరు 6న ఇంటింటి కుటుంబ సర్వే మొదలైనప్పుడు 36 వేలకు పైగా ఎస్‌జీటీలను, వేలాది ప్రాథమిక హెచ్‌ఎంలను ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకునే ఎన్యూమరేటర్లుగా తీసుకున్నారు. ఆ రోజుల్లో ప్రాథమిక బడులు మధ్యాహ్నం ఒంటిగంట దాకానే. హైస్కూళ్ల జోలికి మాత్రం పోలేదు. సర్వే అవసరమే కావచ్చు. కానీ ఎవరి చదువు ఆపినా ఫరవాలేదు అనుకున్నప్పుడు చేయి ఎప్పుడూ ఒకటో తరగతి మీదికే ఎందుకు పోతుందో ఆలోచించాలి. పదో తరగతికి ఫలితాల శాతం ఉంది, దానికి ర్యాంకుంది. ఒకటో తరగతి పిల్లవాడికి అక్షరం రాకపోతే ఆ ఏడాది ఏ జాబితాలోనూ కనబడదు.

మరి పనితీరు చూడాలంటే ఏం చూడాలి? 2024 డిసెంబరు 4న దేశమంతటా జరిగిన పరఖ్ సర్వే 3, 6, 9 తరగతుల నమూనా తీసుకుని జిల్లాకు మార్కు ఇస్తుంది. మీ వీధి బడి గురించి అది ఏమీ చెప్పదు. ఆ బడి సంగతి తెలుసుకోవడానికి ఒక గంట, ఒక కాగితం చాలు.

మూడో తరగతిలోకి వచ్చిన పదిమంది పిల్లలను తీసుకోండి. ఒక్కొక్కరినీ విడిగా, మిగతావారికి వినపడనంత దూరంలో కూర్చోబెట్టాలి. ఇది ముఖ్యం. మన బడుల్లో చదవడం అంటే ఒకరు చెబితే అందరూ అనడం. ఆ కోరస్‌లో అక్షరం రాని పిల్లవాడి గొంతే అందరికన్నా గట్టిగా వినిపిస్తుంది. పాఠ్యపుస్తకం కూడా వాడొద్దు, సగం పాఠాలు వాళ్లకు కంఠతా వచ్చి ఉంటాయి. తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో నాలుగు వరుసలు రాయండి. మొదటి వరుసలో గడప, పలక, వనజ. రెండో వరుసలో కిటికీ, తూనీగ, పొలము. మూడో వరుసలో గుమ్మడి, చెప్పులు, పల్లెటూరు. నాలుగో వరుసలో పుస్తకం, చంద్రుడు, వస్త్రం. కింద ఐదు చిన్న వాక్యాల పేరా, బొమ్మ లేకుండా. ఒక్కొక్కరికీ నాలుగైదు నిమిషాలు పడుతుంది.

తప్పు ఎక్కడ వస్తుందో అదే మందు చెబుతుంది. తూనీగను తునిగ అని చదివితే గుణింతంలో దీర్ఘం పట్టుబడలేదు. గుమ్మడి గుమడి అయితే ఒత్తు దగ్గర ఆగిపోయాడు, తెలుగు చదువులో ఎక్కువమంది కాలు జారేది అక్కడే. పుస్తకం అన్నచోట పులి అన్నాడంటే మొదటి అక్షరం చూసి మిగతాది ఊహిస్తున్నాడు, అతనికి పదం చదవడం రాలేదు. ఇంకో రకం పిల్లలు గడగడా చదివేస్తారు, పేరాలో ఎవరు ఎక్కడికి వెళ్లారని అడిగితే బిక్కమొహం వేస్తారు. హైదరాబాద్‌లో వీళ్లు చాలామంది. ఇంట్లో ఉర్దూనో, లంబాడీనో, హిందీనో, ఒడియానో మాట్లాడే పిల్లలు. వీళ్లకు ఇంకా అక్షరాలు దిద్దించడం దండగ, వీళ్లతో తెలుగులో మాట్లాడించాలి.

2022–23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా పుస్తకాలు వచ్చాయి. ఆలోచన బాగుంది. కానీ ఇప్పుడు పిల్లవాడు రెండు లిపులు ఒకేసారి పట్టుకోవాలి, నిమిషాలు మాత్రం అవే. బొమ్మ పక్కన ఎలిఫెంట్ అని చదివేసిన పిల్లకు బొమ్మ తీసేసి హెన్, పెన్, టెన్ వరసగా రాసి చూపించండి. తడబడితే ఆమె ఇప్పటిదాకా చదివింది బొమ్మనే.

గణితానికి ఒక్క లెక్క సరిపోతుంది: 52లోంచి 17 తీసేయమనండి. 45 అని రాశాడనుకోండి, ఏడులోంచి రెండు, ఐదులోంచి ఒకటి తీశాడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలని ఎవరో చెప్పింది గట్టిగా పట్టుకున్నాడు. ఇంకో యాభై లెక్కలు చేయించినా అదే తప్పు యాభైసార్లు చేస్తాడు. పుల్లలు పదేసి కట్టలు కట్టించి, ఒక కట్ట విప్పించి చూపిస్తే వారం రోజుల్లో దారిలో పడతాడు. అయితే ఆ వారం రోజులూ అతని పక్కన ఒక మనిషి కూర్చోవాలి. మళ్లీ నిమిషాల దగ్గరికే వచ్చాం.

2022 ఆగస్టు 15న మొదలైన తొలిమెట్టు అనే ప్రభుత్వ కార్యక్రమం సరిగ్గా దీనికోసం పెట్టిందే. పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడని కాకుండా ఏ మెట్టు మీద ఉన్నాడో చూసి అక్కడి నుంచి చెప్పాలి. ఇద్దరు టీచర్ల బడిలో దీన్ని నడిపించే మార్గం ఒకటుంది. 3, 4, 5 తరగతులను రోజుకు గంటన్నర కలిపేసి, అక్షరం దశ, పదం దశ, కథ దశ అని మూడు గుంపులు చేయాలి. ఇద్దరూ కింది రెండు గుంపుల దగ్గర కూర్చుంటే కథ గుంపు తనంతట తాను చదువుకుంటుంది. ఒకటి, రెండు తరగతులకు ఆ సమయంలో అంగన్‌వాడీ టీచర్ సాయమో, భోజన విరామం వేళ మార్పో చూసుకోవాలి. నెలకోసారి మళ్లీ చదివించి గుంపులు మార్చాలి. చెడేది ఈ చివరి పని దగ్గరే. గుంపులు గడ్డకట్టిపోతాయి, జులైలో అక్షరం గుంపులో పడ్డ పిల్ల ఫిబ్రవరిలోనూ అక్కడే ఉంటుంది. ఇంకోవైపు తనిఖీకి వచ్చినవారు సిలబస్ ఎందాకా అయిందని అడుగుతారు. సిలబస్‌కు జవాబు చెప్పాల్సిన టీచర్ మెట్టు వదిలేసి పాఠం వెంట పరుగెడతాడు. నన్నడిగితే 1 నుంచి 3 తరగతుల తనిఖీలో సిలబస్ అన్న గడినే కొట్టేయాలి.

హాజరు కూడా అంతే. బడిబాట వారంలోనూ, ఆగస్టు 15నా చూస్తే ఏమీ తెలియదు. నవంబరులో ఒక మామూలు మంగళవారం మధ్యాహ్నం కంచాలు లెక్కపెట్టండి. రిజిస్టర్లో 52 ఉండి కంచాలు 36 ఉంటే ఆ బడి నిజమైన స్ట్రెంత్ 36. ఒక్కో పిల్లవాడికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె ప్రాథమిక బడి లెక్క. 36 మందికి 3.6 కిలోల బియ్యం, 720 గ్రాముల పప్పు, కిలో 800 గ్రాముల కూరగాయలు, 180 గ్రాముల నూనె. 2025 మే నుంచి బియ్యం, గుడ్డు కాకుండా వంట ఖర్చు ఒక్కొక్కరికి 6.78 రూపాయలు, అంటే ఆ రోజుకు మొత్తం 244 రూపాయలు. ఆ డబ్బుతో ఎలాంటి కూర వస్తుందో ఇంట్లో వంట చేసేవారికి చెప్పనక్కర్లేదు. పిల్లలు మధ్యాహ్నం తిని జారుకుంటున్నారా, తినకుండా ఇంటికి పోతున్నారా అన్నది కూడా అదే రోజు తేలిపోతుంది.

ఇక చేరిక పెరగాలంటే బడిబాటను కాస్త ముందుకు జరపాలి, వారం కాదు, రెండేళ్లు. సర్కారు బడి తలుపు ఒకటో తరగతి దగ్గర, ఐదేళ్లు నిండాక తెరుచుకుంటుంది. ప్రైవేటు బడి తలుపు నర్సరీ దగ్గర, మూడేళ్లకే. మూడేళ్ల పిల్లను ఎల్‌కేజీ, యూకేజీ మీదుగా నడిపించుకొచ్చిన తల్లికి ఒకటో తరగతి అప్పుడు మీరు కరపత్రం ఇస్తున్నారు. పిల్ల స్నేహితులు అక్కడే, ఆటో అక్కడికే, అలవాటైన టీచర్ అక్కడే. 2025–26లో కొన్ని బడుల్లో ప్రీ ప్రైమరీ మొదలుపెట్టారు. సరైన అడుగే. కానీ విడిగా ఒక టీచరు, ఒక ఆయా, ఒక గది, చిన్నపిల్లలకు అందే కుళాయి, మరుగుదొడ్డి లేకుండా పెడితే ఆ నాలుగేళ్ల పిల్లలు కూడా ఉన్న ఇద్దరి మీదే పడతారు. అప్పుడు ఐదు తరగతుల 480 నిమిషాలను ఆరుగా పంచాలి.

హైదరాబాద్‌కు ప్రత్యేకమైన చిక్కులు కొన్నున్నాయి. ముంబై, ఢిల్లీల్లో కార్పొరేషన్లు ప్రాథమిక బడులు నడుపుతాయి, ఆంధ్రలో మున్సిపల్ బడులున్నాయి. ఇక్కడ జీహెచ్‌ఎంసీకి సొంత బడుల్లేవు. బడి పాఠశాల విద్యాశాఖది, బడి ముందు పొంగే డ్రైనేజీ ఇంకొకరిది. బస్తీవాళ్లు ఓటు అడిగినప్పుడు కార్పొరేటర్‌ను బడి గురించి నిలదీసినా ఆయన చేతిలో పోస్టు లేదు. గ్రామంలో సర్పంచ్‌కు ఉన్నపాటి పట్టు కూడా ఇక్కడ లేదు.

రెండోది వలస. మియాపూర్, కొండాపూర్ వైపు కట్టడాల పనికి పాలమూరు నుంచి, ఒడిశా నుంచి, బిహార్ నుంచి కుటుంబాలు వానలు వెనకబట్టాక దిగుతాయి, ఎండలు ముదిరాక కదులుతాయి. యూడైస్ లెక్క తేదీ సెప్టెంబరు 30. నవంబరులో వచ్చిన పిల్లలు ఆ లెక్కలో ఉండరు. చట్టం వీళ్ల పక్షమే: వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, పుట్టిన తేదీ కాగితం లేదని కాదనకూడదు, టీసీ రాలేదని ఆపకూడదు. జరిగేది వేరు. ఆధార్‌లో పేరు కలవలేదనో, పాత బడి ఆన్‌లైన్‌లో పిల్లవాడిని డ్రాప్‌బాక్స్‌లోకి, అంటే వేరే బడి చేర్చుకోగల జాబితాలోకి, వదల్లేదనో పేరు ఎక్కించకుండా ఊరికే కూర్చోబెడతారు. ఫీజు బాకీ ఉన్న ప్రైవేటు బడి కావాలనే వదలకుండా బిగిస్తుంది. ఊరికే కూర్చున్న పిల్లవాడికి భోజనం లెక్క లేదు, పుస్తకం లేదు, వాడి వల్ల టీచర్ పోస్టూ రాదు. చేర్చుకున్న రోజే అడ్మిషన్ రిజిస్టర్లో నంబరు వేయాలి, ఆన్‌లైన్ చిక్కు తర్వాత విప్పుకోవచ్చు. రిజిస్టర్ నంబరు ఉంటే కాంప్లెక్స్ హెచ్‌ఎం దగ్గర మిగులు పుస్తకాలు అడగడానికైనా దారి ఉంటుంది.

మూడోది, ఒకే ఆవరణలో రెండు మూడు బడులు. కింద తెలుగు మీడియం, పైన ఉర్దూ మీడియం, ఎవరి హెచ్‌ఎం వారికి, ఎవరి తాళం వారికి. పల్లెలో బడులు కలిపితే పిల్లలు కిలోమీటర్లు నడవాలి, అందుకని అక్కడ విలీనాన్ని నేను వ్యతిరేకిస్తాను. ఇక్కడ మెట్లెక్కితే చాలు. రెంటినీ కలిపి, భాషలు విడిగా చెప్పుకుని, గణితం, పరిసరాల విజ్ఞానం కలిసి చెప్పుకుంటే తరగతికో టీచర్‌కు దగ్గరగా రావచ్చు. మరి ఎవరూ ఒప్పుకోరెందుకంటే షెడ్యూలు లెక్క అలా ఉంది. 30 మంది ఉన్న రెండు బడుల్లో ఇద్దరేసి, మొత్తం నలుగురు టీచర్లు. కలిపితే స్ట్రెంత్ 60, కాబట్టి ఇద్దరే. 40 చొప్పున ఉన్నవి కలిపితే నలుగురిలో ముగ్గురే ఉంటారు. గ్రాంటూ అంతే: 31 నుంచి 100 మంది ఉన్న బడికి ఏడాదికి 25 వేలు. 45 చొప్పున ఉన్న రెండు బడులకు 50 వేలు వచ్చేది, కలిపాక 90 మందికి 25 వేలే. గోడలకు సున్నం, సుద్దముక్కలు, కరెంటు బల్బులు అన్నీ అందులోంచే.

అందుకే విలీనం అన్న మాట వినగానే టీచర్లు, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల తల్లులు ఉలిక్కిపడటం సహజం. ఉత్తర్వు వస్తే చూడాల్సింది ఒక్క వాక్యం కోసం: కలిపిన తర్వాత ఆ బడికి పోస్టులెన్ని, అవి ఎన్నేళ్ల వరకు కదలవు. కలపక ముందున్న పోస్టులన్నీ స్ట్రెంత్‌తో నిమిత్తం లేకుండా కనీసం ఐదేళ్లు ఉంటాయని రాసి ఉంటే కలపనివ్వండి. అవసరాన్ని బట్టి సర్దుబాటు చేస్తారని మాత్రమే ఉంటే, తీర్మానం మీద సంతకాలు పెట్టేముందు ఆ సంఖ్యను ఎంఈవో (మండల విద్యాధికారి) చేత కాగితం మీద రాయించుకోండి.